చీటీ పాటకు ఒక బాకీదారుడు రాసుకున్న ఉత్తరం

చీటీ పాటా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా కానీ నీకేం, నువ్వెప్పుడూ కుశలమే. ప్రతి నెలా ఐదో తారీఖు సాయంత్రం అజిత్‌సింగ్ నగర్‌లో పిన్నిగారి వరండాలో కూర్చుని టీలు తాగుతుంటావు.

నిన్ను చూస్తే నాకు మొదటినుంచీ చిరాకు, చదువుకున్నవాణ్ణి కదా. ఇరవై మంది ఆడవాళ్లు నెలకు ఐదేసి వేలు వేసుకుని లక్ష పోగుచెయ్యడం, బాగా అవసరం ఉన్నావిడ పాతికవేలు వదులుకుని డెబ్భై ఐదు పట్టుకెళ్లడం, ఆ పాతికలో పిన్నిగారి కమిషన్ ఐదు పోను మిగిలిన ఇరవై వేలు తలా వెయ్యి చొప్పున తగ్గడం, దానికి మా అమ్మ "ఈ నెల నాలుగు వేలే కట్టానురా" అని లాటరీ తగిలినంత సంబరపడటం. నీ కోసం పార్లమెంటు 1982లో ఏకంగా చట్టం చేసిందనీ, నడిపేవాళ్ల కమిషన్ ఐదు శాతం దాటకూడదని పెట్టి 2019లో దాన్ని ఏడుకి పెంచారనీ, రిజిస్టర్ చెయ్యకుండా నడపడమే తప్పనీ ఒకరోజు అమ్మకి క్లాసు పీకాను. అంతా విని, "ఆ ఏడు సంగతి పిన్నిగారి దగ్గర అనకు" అంది.

మా ఇంట్లో శాతాలు చెల్లవు. నూటికి నెలకు ఎన్ని రూపాయలన్నదే లెక్క. బ్యాంకు డిపాజిట్‌కి ఏడు శాతం అంటే అమ్మ ఒక్క క్షణం పైకి చూసి "అర్ధరూపాయి మీద ఎనిమిది పైసలు" అంటుంది, జాలిగా. (కాలిక్యులేటర్‌లో కొట్టి చూశాను. కరెక్టే.) మ్యూచువల్ ఫండ్ సిప్‌లో నెలనెలా పెట్టమంటే, ఆ డబ్బు తీసుకునేవాళ్ల ఇల్లెక్కడ అని అడిగింది.

ఇల్లు తెలిసినవాడేగా మనకి ఐపీ పెట్టింది! బెజవాడ, గుంటూరుల్లో ఐపీ అంటే కంప్యూటర్‌ది కాదు, 1920 నాటి దివాలా చట్టం కింద కోర్టులో వేసే పిటిషన్ అని పదో తరగతిలోనే నేర్చుకున్నాను. పక్క వీధిలో నిన్ను నడిపిన పెద్దమనిషి దయ. అప్పులవాళ్ల జాబితాలో అమ్మ పేరు ఎక్కడో నలభైల్లో ఉంది. ఆవిడ రెండ్రోజులు అన్నం తినలేదు. మూడో నెలకల్లా మళ్లీ నీ దగ్గరికే వచ్చింది, ఈసారి పిన్నిగారి వరండాలోకి. వాడు దొంగైతే పాటేం చేసిందిరా అంటుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిని ముంచినప్పుడు నువ్వు చేసింది మాత్రం ఒప్పుకుంటాను. ఆ నెల పాట పాడలేదు. కిరాణా కొట్టు మొత్తం నీళ్లపాలైన ఆవిడకి చీటీ ఇచ్చేశారు, కట్టలేనివాళ్లు తర్వాత కట్టుకోవచ్చన్నారు. నా ఫోను ఈఎంఐ మెసేజ్ మాత్రం తారీఖు తప్పకుండా వచ్చింది.

ఇక అసలు సంగతి, క్రెడిట్ కార్డు. కనీస మొత్తం కడితే చాలంటే ఎనిమిది నెలలు అదే కట్టాను, బాకీ లక్షా ఎనభై అయింది. నెలకు మూడున్నర శాతం. ఇది అమ్మకి అనువాదం అక్కర్లేని లెక్క.

"మూడున్నర రూపాయల వడ్డీనా? రెండు దాటితే మన వీధిలో జలగ అంటార్రా వాణ్ణి. నువ్వు సంతకం పెట్టి మరీ తెచ్చుకున్నావా?"

"ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లో టిఫిన్ ఫ్రీ అమ్మా."

"ఎన్నిసార్లు తిన్నావు?"

రెండుసార్లు. అందులో ఒకసారి ఉప్మా.

నేను నెలనెలా ఇంటికి పదివేలు పంపుతాను. అమ్మానాన్నల్ని చూసుకుంటున్నానని ఫ్రెండ్స్ దగ్గర కాస్త గొంతు సవరించుకుని చెప్పుకునేవాణ్ణి కూడా. వాళ్లు అందులో ఒక్క రూపాయి తినలేదు. పదీ అమ్మ నీకే పోసింది, రెండు చీటీలు. ఇరవై నెలలూ పాడకుండా ఓపిక పట్టింది కాబట్టి కమిషన్ పోను లక్షా తొంభై చేతికొచ్చింది, నా కార్డు తీరింది. నాకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఏదో అనబోతున్నాను, ఈలోగా ఆవిడ నాన్నని రెవెన్యూ స్టాంపు తెమ్మని పంపింది.

ప్రామిసరీ నోటు! సాక్షి మా నాన్నే. వడ్డీ రూపాయి, కొడుకునని. నేను పంపిన డబ్బు నాకే అప్పు ఇస్తావా అని అడిగితే, "పంపిన తర్వాత నీదెలా అవుతుంది" అంది. లాయర్ ఫ్రెండ్‌ని అడిగాను, అమ్మదే కరెక్టంట. నోటుకి మూడేళ్లకి కాలదోషం పడుతుంది, ఈలోపు వచ్చి తిరగరాసి వెళ్లమంది. నేను ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాను, అమ్మ క్యాలెండర్ మీద రాసుకుంది, పాల లెక్క పక్కనే.

ఇట్లు,
సొంత డబ్బు రూపాయి వడ్డీకి తెచ్చుకున్నవాడు