మెసేజ్‌కి యాస ఎక్కడిది?

పోయిన నెల మా చిన్నమ్మ కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. మాస్టర్స్ చదవడానికి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వస్తున్నాడు. "అన్నా, బ్రిటిష్ యాక్సెంట్ క్లాసుల చేరిన. ముప్పై రోజులు, ఎనిమిది వేలు" అన్నాడు గర్వంగా. నాకు ఒళ్లు మండింది. డబ్బు పోయినందుకు కాదు, లేని సరుకు అమ్ముతున్నందుకు.

బ్రిటిష్ యాక్సెంట్ అని ఒకటి ఉంటే కదా నేర్పడానికి! లివర్‌పూల్‌లో రైలెక్కి గంటలోపు మాంచెస్టర్‌లో దిగితే అక్కడ అచ్చులే మారిపోతాయి. గ్లాస్గో, న్యూకాజిల్, బర్మింగ్‌హామ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ క్లాసులో వాడికి నేర్పుతున్నది ఆర్పీ అనే పాత దొరల ఉచ్చారణ. దాన్ని మాట్లాడేవాళ్లు నూటికి ముగ్గురని భాషాశాస్త్రవేత్త పీటర్ ట్రడ్గిల్ అంచనా వేశాడు. పద్నాలుగేళ్లుగా ఇక్కడున్నాను. మా వీధిలో అలా మాట్లాడేవాళ్లు ఒక్కరూ కనబడలేదు.

సరే, యాస నేర్చుకున్నాడే అనుకుందాం. దాంతో ఇక్కడి మనుషులు అర్థమైపోతారా?

నేను వచ్చిన కొత్తలో జరిగింది చెబుతా. ఇంటి ఓనర్ పెద్దాయన. తాళాల కోసం ఎప్పుడు రమ్మంటారని మెసేజ్ పెట్టాను. "ఐ విల్ నాట్ బీ ఇన్ వైల్ ఫోర్" అని జవాబు. మనం బళ్లో చదువుకున్న 'వైల్' అంటే 'ఆ సమయంలో' కదా. నాలుగింటికి ఉండడు కాబోలు, ముందే పోదామని మూడింటికి వెళ్లి తలుపు కొట్టాను. ఎవరూ లేరు. గంటసేపు వానలో తడిశాను. నాలుగింటికి ఆయన కారు దిగి, ఈ పిల్లాడికి బుర్ర ఉందా లేదా అన్నట్టు చూశాడు. షెఫీల్డ్ ఉన్న ఈ యార్క్‌షర్ ప్రాంతంలో 'వైల్' అంటే 'వరకూ'. తొమ్మిది నుంచి ఐదు వరకు డ్యూటీ అంటే 'నైన్ వైల్ ఫైవ్'. రైల్వే గేటు దగ్గర 'లైట్లు వెలుగుతున్నప్పుడు ఆగండి' అని రాసిన బోర్డులో ఈ 'వైల్'ని చూసి, వెలిగేదాకా ఆగి అప్పుడు పట్టాలు దాటబోయారని ఇక్కడ ఒక కథ చెప్పుకుంటారు. అది నిజమో కాదో గానీ నా తడిసిన చొక్కా మాత్రం నిజం.

ఇక్కడే నా గొడవంతా. ఆయన నాతో మాట్లాడలేదు, రాశాడు. ప్రతి అక్షరం చదివాను. మెసేజ్‌కి యాస ఎక్కడిది? నన్ను తడిపింది మాండలికం.

'బాత్' అని దక్షిణ ఇంగ్లండ్‌వాళ్లు సాగదీసే మాటను ఇక్కడ పొట్టిగా తుంచేస్తారు. 'బస్' ఇంచుమించు 'బుస్' అవుతుంది. అది యాస. మాట అదే, పలకడం వేరు. కానీ 'ఐ వాజ్' బదులు 'ఐ వర్' అనడం, ఏమీ లేదనడానికి 'నౌట్', సందుకి 'గినెల్', ఆటకి 'లేక్' అనడం ఉచ్చారణ సంగతి కాదు. పదాలు వేరు, వ్యాకరణం వేరు. ఆ 'లేక్' వైకింగులు వెయ్యేళ్ల కింద తెచ్చిన మాట. అలాంటిదాన్ని పట్టుకుని తప్పు ఇంగ్లీషు అంటారు, పైగా మనవాళ్లు!

నాకు అన్నిటికంటే ముద్దొచ్చేది 'దా', అంటే 'నువ్వు'. ఇంగ్లీషులో నువ్వు, మీరు తేడా లేదని మనం వెక్కిరిస్తాం కదా, ఒకప్పుడు ఉండేది. లండన్ పారేసుకుంది, యార్క్‌షర్ పల్లెలు దాచుకున్నాయి. నువ్వు అనే ఆ పాత మాట 'దౌ' ఇక్కడ 'దా' అయింది, నిన్ను అనేది 'దీ'. షెఫీల్డ్‌వాళ్లను పక్క ఊరు బార్న్‌స్లీవాళ్లు 'డీ-డా'లు అని ఏడిపించేది అందుకే, వీళ్లు 'దీ', 'దా'లను డకారంతో పలుకుతారని. హద్దు మీరి చనువు చూపించేవాణ్ణి గద్దించడానికి ఒక సామెత కూడా ఉంది. మన మాటల్లో చెప్పాలంటే, "నన్ను నువ్వు అంటావేంట్రా, నిన్ను నువ్వే నువ్వు అనుకుని చూడు, ఎట్లుంటదో!" ఇది విన్న రోజు మా తాత గుర్తొచ్చాడు.

యాస వేరు, మాండలికం వేరు అని ఒక్క మనిషితో చూపించమంటే విల్‌ఫ్రెడ్ పికిల్స్‌ను చూపిస్తాను. యార్క్‌షర్‌లోని హాలిఫాక్స్‌వాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బీబీసీ అతనితో దేశమంతటికీ వార్తలు చదివించింది. చదివింది అందరూ చదివే ప్రామాణిక ఇంగ్లీషు పాఠమే. అచ్చులు మాత్రం యార్క్‌షర్‌వి. చివర్లో ఉత్తర ఇంగ్లండ్‌వాళ్లకు 'గుడ్ నైట్'ని 'గుడ్ నీట్' అని సెలవు తీసుకునేవాడు. దానికే శ్రోతల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. మాండలికం జోలికే పోని మనిషికి ఆ గతి పడితే, 'నౌట్', 'దా' అని ఉంటే రేడియోలు పగలగొట్టేవారేమో.

లీడ్స్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ ఆర్టన్ అని ఒకాయన ఉండేవాడు. 1950 నుంచి 1961 దాకా ఆయన బృందం ఇంగ్లండ్‌లో 313 చోట్ల తిరిగి, ఎక్కువగా ముసలి రైతులను కూర్చోబెట్టి దీన్నేమంటారు, దాన్నేమంటారు అని వెయ్యికి పైగా ప్రశ్నలు అడిగింది. నోరు, పళ్లు, చెవులు బాగున్నవాళ్లనే ఎంచుకునేవారట. ఆ సర్వే తొలి పుస్తకం 1962లో వచ్చింది. అదే 1962లో మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల నోటి మాటలు ఏరి కూర్చిన వ్యవసాయ పదకోశం కూడా వచ్చింది. ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ, పొలం గట్ల మీద అదే పని చేశారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఎందుకో సంతోషం.

మనం మాత్రం అన్నిటికీ కలిపి యాస అనేస్తాం. ఇంటర్ హాస్టల్లో నేను 'వచ్చిండు' అంటే, "నీ యాస భలే ఉందిరా, ఇంకోసారి అను" అనేవాళ్లు. అది యాస కాదు నాయనా, క్రియ. మీ 'వచ్చాడు' ఎంత వ్యాకరణమో నా 'వచ్చిండు' అంతే వ్యాకరణం. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల మాట అచ్చెక్కింది కాబట్టి అది భాష అయింది, మాది యాసగా మిగిలింది. (ఈ పోస్టు కూడా ఆ అచ్చెక్కిన మాటలోనే రాస్తున్నా, చూశారా? ముప్పై ఏళ్ల అలవాటు.)

ఇంగ్లీషులోనూ మన కథ అదే. 'సమ్మర్'లో మకారం నొక్కి పలకడం, 'ఎగ్'ని 'యెగ్' అనడం మన యాస. 'ప్రీపోన్', 'కజిన్ బ్రదర్' మన మాండలికం. స్కాట్లండ్ ఆఫీసుల్లో 'బయట' అనడానికి 'అవుట్‌విత్' అని దర్జాగా రాస్తారు, ఎవరూ నవ్వరు. మా టీమ్‌లో మనవాడొకడు 'ప్రీపోన్' అని నోరు జారి, సారీ చెప్పి నాలుక కరుచుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లోకి ఎక్కిన మాటకి సారీ ఎందుకయ్యా?

మావాడు పోయిన వారం దిగాడు. ఎనిమిది వేల యాసతో బస్సెక్కాడు. పది నిమిషాలకు మెసేజ్: "అన్నా, డ్రైవర్ గడ్డపాయన, నన్ను 'లవ్' అన్నడు. ఏం జెయ్యాలె?"

"ఏం జెయ్యకు. అందరినీ అంటడు. టికెట్ తీస్కొని కూసో."