గాంధీ విగ్రహానికే లేని చోటు పోలీస్ బూత్‌కి ఎక్కడిది?

ఒకాయన తన ఇంటి గేటుకి అడ్డంగా ఫుట్‌పాత్ మీద పోలీస్ బూత్ పెట్టేశారని కోర్టుకెక్కాడంటే చాలు, మన దగ్గర మొదటి మాట ఏముంటుందో తెలిసిందే. ఫుట్‌పాత్ ఏమైనా మీ తాత రాసిచ్చాడా, ఇంటి ముందు పోలీసులుంటే దొంగల భయం ఉండదు కదా, సంతోషించాల్సింది పోయి కేసులేంటి, అంటారు. నేనైతే ఆ ఇంటాయన వైపే. సానుభూతితో అంటున్న మాట కాదిది, చట్టం ఎప్పట్నుంచో ఆయన వైపే ఉంది, మనమే అటు తిరిగి చూడట్లేదు.

మా వీధి మలుపులో ఒక బూత్ ఉంది. నీలం తెలుపు రంగు రేకు డబ్బా, మీద ఒక నగల షాపు యాడ్, పోలీస్ అన్న అక్షరాల కంటే ఆ యాడ్‌లో నెక్లెసే పెద్దగా కనిపిస్తుంది. ఒక అద్దం పగిలిపోతే అట్టముక్క అడ్డం పెట్టారు, లోపల కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, వెనకాల తుప్పు పట్టిన బారికేడ్లు, పోయిన చలికాలం ఆ బారికేడ్ల సందులో ఒక వీధికుక్క పిల్లల్ని పెట్టింది. కానిస్టేబుల్ ఎవరైనా అందులో కూర్చోగా చూసింది వినాయక నిమజ్జనం అప్పుడు, ఇంకోసారి ఎవరో మంత్రి ఆ దారిన వెళ్తున్నప్పుడు, మిగతా రోజులంతా తాళమే. దాని వెనక ఇంట్లో ఒక పెద్దావిడ వాకర్ పట్టుకుని నడుస్తారు. ఆవిడ గేటు తీసి బయటికి అడుగు పెడితే ఎదురుగా రేకు గోడ, పక్కకి పోదామంటే బూత్‌కీ కాంపౌండ్ గోడకీ మధ్య నేను టేపు పెట్టి కొలిస్తే 40 సెంటీమీటర్లు కూడా రాలేదు, అందులో వాకర్ పట్టదు, దాంతో ఆవిడ రోడ్డు మీదకి దిగాలి, అక్కడేమో రాంగ్ సైడ్‌లో వచ్చే బైకులు. రోడ్లకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం ఏ అడ్డూ లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్లు వదలాలి. ఎక్కడి 1.8 మీటర్లు, ఎక్కడి 40 సెంటీమీటర్లు!

ఇక చట్టం సంగతి. మంగలౌర్ అని ఉత్తరాదిలో చిన్న ఊరు, ఇప్పుడు ఉత్తరాఖండ్‌లో ఉంది. అక్కడి మున్సిపల్ బోర్డు రోడ్డు పక్కన ఖాళీ జాగాలో ఒక గది కట్టి గాంధీ గారి విగ్రహం పెడదాం, దానికి అటూ ఇటూ ఒక చలివేంద్రం, ఒక లైబ్రరీ పెడదాం అనుకుంది. అన్నీ మంచి పనులే కదా. ఆ జాగా మాదని మహాదేవుడి గుడి తరఫున దావా వేశారు, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1965 లా రిపోర్టుల్లో ఉంటుంది తీర్పు. రోడ్డు మున్సిపాలిటీకి దఖలు పడిందంటే ఆ నేలకి యజమాని అయిపోయినట్టు కాదు, దాన్ని దారిగా ఉంచడానికి, బాగు చేయడానికి ఎంత అధికారం కావాలో అంతే ఉంటుంది, దారికి పనికిరాని కట్టడం ఎంత మంచిదైనా అక్కడ కట్టకూడదు, ఇదీ దాని సారాంశం. నేల హక్కు గుడిదేనని అక్కడ తేలిన మాట నిజమే, కానీ మున్సిపాలిటీ అధికారం ఎంతవరకు అన్న లెక్క అన్ని రోడ్లకీ అదే. రాసింది ఎవరో కాదు, అప్పట్లో సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్న మన కోకా సుబ్బారావు గారు, రాజమండ్రి మనిషి, అంతకుముందు ఆంధ్ర హైకోర్టుకి మొదటి చీఫ్ జస్టిస్. గాంధీ విగ్రహానికి, దాహానికిచ్చే మంచినీళ్లకి, చదువుకునే పుస్తకాలకి చోటు లేదన్న రోడ్డు పక్కన నగల యాడ్ వేసుకున్న రేకు డబ్బాకి చోటెలా వస్తుందో నాకైతే అర్థం కాదు. మున్సిపాలిటీయే కాపలాదారు మాత్రమే అయినప్పుడు పోలీసు శాఖకి ఆ నేల మీద ఏ హోదా ఉందో కూడా ఎవరైనా చెప్తే బావుండు.

అసలు నన్ను బాగా ఆకట్టుకునేది ఇంకొకటుంది. హైదరాబాద్‌కి వర్తించే 1955 మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలో సెక్షన్ 402 తీసి చూడండి, కమిషనర్ అనుమతి లేకుండా వీధిలో ఏవేం పెట్టకూడదో వరసగా చెప్తుంది, గోడ, కంచె, స్తంభం, మెట్టు, ఆ వరసలోనే బూత్ అన్న మాట కూడా ఉంది. పేరు పెట్టి మరీ రాశారు. ఎవరూ పెట్టకూడదు అంది గానీ పోలీసులు తప్ప అనలేదు. తర్వాత సెక్షన్ 405, అలా పెట్టినవాటిని నోటీసు కూడా ఇవ్వకుండా తీసేసే అధికారం కమిషనర్‌కిచ్చింది. మిర్చి బజ్జీల బండిని లారీలోకి ఎత్తి పడేసేది దీని బలంతోనే, నూనె ఇంకా కాగుతున్నా సరే ఆగరు. అదే మీరు సర్కారు మీద సివిల్ దావా వెయ్యాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద ముందు రెండు నెలల నోటీసివ్వాలి, మరీ అర్జెంటైతే కోర్టుని బతిమాలుకుని మినహాయింపు తెచ్చుకోవాలి. అంటే బండివాడికి నిమిషాలు, సర్కారుకి రెండు నెలలు. అందుకే ఇలాంటి కేసుల్లో జనం దావా జోలికి పోకుండా రిట్, అంటే సర్కారు మీద నేరుగా వేసే పిటిషన్, వేసుకుంటూ హైకోర్టుకే పోతారు, లాయర్ ఫీజు ఎంతైనా. పోనీ దారికి అడ్డం తీయించమని మెజిస్ట్రేట్ దగ్గరికి పోదామా అంటే, క్రిమినల్ కేసుల విధానం చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 152 ఉంది, పాత సీఆర్‌పీసీలో అది 133, పోలీసు ఆఫీసర్ రిపోర్టు మీద గానీ ఇంకో సమాచారం మీద గానీ ఆయన ఆర్డరిస్తాడు. పోలీసు రిపోర్టునే నమ్ముకుంటే బూత్ అడ్డం ఉందని బూత్ పెట్టినాయనే రాయాలన్నమాట, దొంగ చేతికి తాళాలిచ్చి ఇల్లు చూడమన్నట్టు.

పోలీసు వాళ్ల వైపు నుంచి కూడా ఒక వాదన ఉంది, కాదనను. మే నెల ఎండలో చౌరస్తాలో ఎనిమిది గంటలు నిలబడే మనిషికి నీడ కావాలి, రాత్రి పూట ఆడపిల్లలకి ఒక లైటు, ఒక యూనిఫాం కనబడితే ధైర్యం. 2013 జనవరిలో సుప్రీంకోర్టు రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద విగ్రహాలు, కట్టడాలు కొత్తగా రాకుండా ఆపినప్పుడు కూడా వీధి దీపాలకి, ట్రాఫిక్, టోల్ లాంటి ప్రజా అవసరాలకి మినహాయింపు ఇచ్చింది, బూత్ ట్రాఫిక్ కిందకే వస్తుంది కదా అంటారు. వస్తుంది, అందులో ట్రాఫిక్ చూసే మనిషి ఉంటే. తాళం వేసిన డబ్బా ఏ ట్రాఫిక్‌ని చూస్తుంది? మనిషికి నీడే కావాలంటే చౌరస్తా ఐలాండ్ మీద గొడుగు వెయ్యండి, గేటు ముందే ఎందుకు?

ఇళ్లవాళ్లకి కూడా ఒక మాట. కారు ఎక్కడానికి ఫుట్‌పాత్ మీద ర్యాంపు పోసుకుంటాం, గులాబీ కుండీలు పెడతాం, ఎవడూ బైక్ పెట్టకుండా గొలుసు కడతాం, తర్వాత బూత్ మీద కేసేస్తాం. జడ్జి గారు ముందు ఆ ర్యాంపు ఫొటో చూపించమంటే? అందుకే కోర్టుకి పోయేముందు మన గొలుసు మనమే విప్పుకోవడం మంచిది.

సుబ్బారావు గారి పేరొచ్చింది కాబట్టి చెప్తున్నా, ఆయనది ఇంకో తీర్పు ఉంది, 1962 ఖరక్ సింగ్ కేసు. దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేసిన మనిషి మీద యూపీ పోలీసులు హిస్టరీ షీట్ తెరిచి, రాత్రిళ్లు తలుపు కొట్టి లేపేవాళ్లు, ఎక్కడికి పోతున్నాడో ఎవరొస్తున్నారో రాసుకునేవాళ్లు. మెజారిటీ జడ్జీలు రాత్రి తలుపు కొట్టడం వరకే తప్పన్నారు. సుబ్బారావు గారు, జస్టిస్ షా ఒప్పుకోలేదు, కన్నేసి ఉంచిన మనిషి కాలు కదిపినా అది స్వేచ్ఛ కాదు, ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదన్నారు. మైనారిటీ తీర్పుగా మిగిలిపోయిన ఆ ఆలోచనే 2017లో ప్రైవసీ ప్రాథమిక హక్కని తేల్చిన పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల దగ్గర గెలిచింది. ఇప్పుడు గేటు ముందు బూత్, బూత్ మీద రెండు కెమెరాలు, మీ అమ్మాయి ఎన్నింటికి ఇంటికొచ్చింది, మీ ఇంటికి ఎవరొచ్చి పోయారు, అన్నీ రికార్డు. తప్పు చేయనోడికి భయమేంటి అంటారు గానీ, ఖరక్ సింగ్ మీద కూడా ఏ తప్పూ రుజువు కాలేదు కదా. సేఫ్టీ అన్న మాట చెప్తే మనం ఇంటి గుమ్మం దాకా అన్నీ ఒప్పేసుకుంటున్నాం, ఫుట్‌పాత్ అందులో ముందు పోయింది, అంతే.

మరి నడిచేవాళ్ల లెక్క? 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది అయితే అందులో పాదచారులే 32 వేల పైచిలుకు. 2025 మే 14న సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలో బతికే హక్కునిచ్చే ఆర్టికల్ 21 కింద హక్కని, వికలాంగులకి కూడా పనికొచ్చేలా ఉండాలని, ఆక్రమణలు తీసేయాలని చెప్పింది. ఆక్రమణలు అనగానే అధికారులకి గుర్తొచ్చేది మాత్రం తోపుడు బండే. 2022 అక్టోబర్‌లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు అడ్డంగా పెట్టిన బండ్లని, ఆక్రమణల్ని తీయించే ఆపరేషన్ రోప్ మొదలుపెట్టారు, 2024 జనవరిలో ఐటీ కారిడార్‌లో ఒక ఫుడ్ స్టాల్ ఆంటీని ఖాళీ చేయమంటే ముఖ్యమంత్రే కల్పించుకోవాల్సి వచ్చింది, పేరు చెప్పక్కర్లేదు. ఆ అన్నం పళ్లాలకి ట్రాఫిక్ ఆగిందంటే ఒప్పుకుంటాను, మరి ఆ రూల్ రేకు డబ్బాకి ఎందుకు వర్తించదు?

మా వీధి పెద్దావిడ కొడుకుతో నేను చెప్పింది ఇదే, లాయర్ దగ్గరికి తర్వాత పోదువు గానీ, ముందు పది రూపాయల పోస్టల్ ఆర్డర్ కట్టి ఆర్టీఐ కింద మూడు అడుగు బాబూ అని. ఈ బూత్‌కి మున్సిపల్ కమిషనర్ అనుమతి ఏ తేదీన ఇచ్చారు, ఆ యాడ్ డబ్బులు ఎవరి ఖాతాలో పడుతున్నాయి, డ్యూటీ రిజిస్టర్‌లో ఈ నెల ఎవరెవరి సంతకాలున్నాయి. జవాబుకి 30 రోజులు టైముంది. ఈలోపు ఆ కుక్క మళ్లీ పిల్లల్ని పెట్టినా పెట్టొచ్చు, ఇప్పటికైతే ఆ బూత్‌ని రెగ్యులర్‌గా వాడుతున్నది అదొక్కటే.