లంబాడాకు కడప చేసిన మేలు

కడప జిల్లాకు దక్కాల్సిన ఒక అంతర్జాతీయ గౌరవం ముప్పై ఏళ్లకు పైగా దుమ్ము కొట్టుకుంటోంది. దేవుని కడప గురించి, పెద్ద దర్గా గురించి, కడప బండల గురించి, కారం దోశ గురించి బయటివాళ్లకు గొంతు పోయేలా చెప్తాం. లంబాడా అనే పాట గురించి మాత్రం ఒక్కడూ నోరు విప్పడు. లోకమంతా తప్పుగా పాడిన ఆ పాటను సరిగ్గా వాయించింది మన బ్యాండు మేళం ఒక్కటేనని నా నిశ్చితాభిప్రాయం. నవ్వేవాళ్లు సాక్ష్యాలు చూసి నవ్వండి.

1981లో బొలీవియాలో లోస్ కార్కాస్ అనే బృందం ఒక పాట పాడింది. రాసింది ఎర్మోసా సోదరులు. పాట పేరుకు తెలుగు చేస్తే 'ఏడ్చుకుంటూ పోయింది'. దాపరికమేమీ లేదు, పల్లవిలో మొదటి మాటే ఏడుపు. కొండజాతి పిల్లనగ్రోవుల మీద నడిచే ఆ బాణీ వింటే, రాత్రిపూట ఎవరో దూరంగా నడిచిపోతున్నట్టే ఉంటుంది.

ఏడ్చేవాణ్ణి ఏడవనిస్తే లోకం లోకమెందుకవుతుంది? 1984లో పెరూవాళ్లు దానికి అకార్డియన్ తగిలించి నడక పెంచినారు. 1986లో బ్రెజిల్‌లో మార్సియా ఫెరైరా పోర్చుగీసులో పాడింది. అక్కడ చిన్న సవరణ జరిగింది. బొలీవియాలో మనసిచ్చిన మనిషి ఏడ్చుకుంటూ వెళ్లిపోతుంది. బ్రెజిల్‌కు వచ్చేసరికి, ఒకప్పుడు నన్ను ఏడిపించినవాడే ఏడ్చుకుంటూ పోయినాడు! ఈ తేడాలోని మజా ఏందో రాయలసీమవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

1989లో ఫ్రాన్సులో కావోమా అనే బృందం అదే పాటను లంబాడా అని పేరు మార్చి, సముద్రం ఒడ్డున నడుములు ఊపించి, దేశదేశాలకూ అమ్మింది. రచయిత పేరు దగ్గర చికో డి ఒలివేరా అని పడింది. ఆ పేరుగల మనిషి లేడు, వెనకున్నది ఒక ఫ్రెంచి నిర్మాత. పొలం ఒకరిది, పాసుపుస్తకం ఇంకొకరిది. ఇట్లాంటివి మన సీమలోనే జరుగుతాయని తెగ సిగ్గుపడేవాణ్ణి, ఇది తెలిసినాక మనసు కుదుటపడింది. ఎర్మోసా సోదరులు కోర్టుకెక్కి గెలిచినాకే హక్కు చేతికొచ్చింది.

1990లో అదే బాణీ హిందీలో 'ఘాయల్' సినిమాకెక్కింది. అక్కడ పల్లవి సారాంశం 'ఆలోచించేదేముంది, ఏమయితే అది చూసుకుందాం'. ఏడుపు పూర్తిగా ఇంకిపోయింది. 2011లో అమెరికా గాయకులు జెన్నిఫర్ లోపెజ్, పిట్‌బుల్ కలిసి దాన్ని క్లబ్బుకు తీసుకుపోయినారు. ముప్పై ఏళ్లలో ఒక ఏడుపు ఇంత దూరం నడిచింది.

ఇక మన వంతు. క్యాసెట్టు కడపకు వచ్చిన కొత్తలో పేరు చూసి, ఇది మన లంబాడీల పాటే అనుకున్నాం. తండా నుంచి వచ్చే మా క్లాసుమేటు నెల రోజులు కాలరెగరేసుకుని తిరిగినాడు. మేమూ ఎదురు చెప్పలేదు, ఎందుకంటే వాడి దగ్గరే టేప్‌రికార్డరు ఉండేది.

1991లో మా అక్క పెండ్లి దేవుని కడపలో. అప్పగింతలయినాయి. అక్క ఏడుస్తోంది, అమ్మ ఏడుస్తోంది, నాయన తువ్వాలుతో కండ్లలో పడని దుమ్ము తుడుచుకుంటున్నాడు. అంబాసిడర్ కారు డోరు మూసినారో లేదో, బ్యాండువాళ్లు లంబాడా ఎత్తుకున్నారు! మగపెండ్లివాళ్లు ఎగరడం మొదలుపెట్టినారు. నాకు ఒళ్లు మండింది. అవ్వ మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని, "పాపం, ఏడుపు పాటే పెట్టినారు లేరా" అనింది. ఆమెకు స్పానిష్ రాదు. తెలుగులో సంతకం కూడా రాదు. ఫ్రాన్సు, బొంబాయి కలిసి దాచిపెట్టిన సంగతిని క్లారినెట్టులో పట్టేసింది.

తర్వాత ఆ క్లారినెట్టాయన్ని పట్టుకుని, పెండ్లికూతురు పోయేటప్పుడు ఇదే ఎందుకు వాయిస్తావని అడిగినా. గొప్ప సంగీత రహస్యం బయటపడుతుందని చెవులు రిక్కించినా. "దీనికయితే నోట్లు బాగా రాల్తాయబ్బీ" అన్నాడు. మహా విద్వాంసులు ఇట్లాగే వినయంగా మాట్లాడతారు.

అప్పట్నుంచి గమనిస్తా ఉండా. మనం ఈ పాటను ఎవరో ఒకరిని సాగనంపేటప్పుడే వాడతాం. పెండ్లికూతురు పోతే లంబాడా, వినాయకుడు నీళ్లలోకి పోతే లంబాడా. ఒక హెడ్మాస్టరు రిటైరయినప్పుడు పూలదండలతో ఊరేగిస్తూ అదే వాయించినారు, ఆయన తప్ప స్టాఫంతా ఆనందబాష్పాలు కార్చినారు. బొలీవియా ప్రభుత్వం దీన్ని గుర్తించి, కడప బ్యాండువాళ్లకు కనీసం ఒక్కో శాలువా అయినా పంపాలని నా డిమాండు. ఉత్తరం తెలుగులోనే రాసినా, అడ్రసు దొరకాల.

పోయిన నెల అక్క కొడుకు కువైట్‌కు బయలుదేరినాడు. మద్రాసు ఎయిర్‌పోర్టుకు వ్యాను మాట్లాడినాం. లోపల అప్పటికే రాయచోటివాళ్లు ముగ్గురు, రాజంపేటామె ఒకామె. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. డ్రైవరు పాట పెట్టినాడు, జెన్నిఫర్ లోపెజ్‌ది. అక్క కిటికీలోంచి ఊరగాయ డబ్బా అందిస్తూ, "ఇది నా పెండ్లిలో వాయించిందే కదరా?" అనింది. ఔనన్నా. డ్రైవరు సౌండు ఇంకొంచెం పెంచి, స్టీరింగు మీద వేళ్లతో తాళమేస్తూ బండి కదిలించినాడు.