మీది ఏ రాష్ట్రమండీ?

చదువుకీ ఉద్యోగానికీ మధ్య ఏముంటుందని అడిగితే హైదరాబాద్ కుర్రాళ్లు అమీర్‌పేటలో కోర్సు అంటారు, ఇంటర్వ్యూ అంటారు, కాస్త అదృష్టం అంటారు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో పెరిగినవాణ్ని అడగండి, జెరాక్సు షాపు అంటాడు. నేనేదో ఏడవడానికి చెప్పడం లేదు. కాలేజీ బెంచీ మీద నేర్చుకున్నదానికన్నా ఆ షాపు ముందు, ఆఫీసు వరండాల్లో నిలబడి నేర్చుకున్నదే ఉద్యోగంలో పనికొస్తోంది, కాబట్టి సరిహద్దు జిల్లాల పట్టభద్రులకు కంపెనీలు ట్రైనింగ్ ఎత్తేసి నేరుగా కుర్చీ చూపించాలని సవినయంగా వాదించడానికే ఈ వ్యాసం.

తెలియనివాళ్ల కోసం కొంచెం చరిత్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. అంతదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న పర్లాకిమిడి అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. ఎవరూ సామాన్లు సర్దుకోలేదు. మేం ఇప్పటికీ టీ తాగడానికి రాష్ట్రం దాటి వెళ్లి తాగొస్తాం. దానికి ఎవరూ సర్టిఫికెట్ అడగరు, ఉద్యోగానికి మాత్రం అడుగుతారు.

డిగ్రీ చేతికి రాగానే ఇంట్లో వినపడే మొదటి మాట గవర్నమెంటు ఉద్యోగం. సరే, ఏ గవర్నమెంటు? ఒడిశాలో ఉద్యోగం కావాలంటే కనీసం ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. న్యాయమైన షరతే, ఆ రాష్ట్రంలో పని చేసేవాడికి ఆ భాష రావద్దా? కాకపోతే తెలుగు మీడియంలో చదువుకుని ఒడియా తప్పించుకున్న ఇంజనీరు ఇప్పుడు ఏడో తరగతి వాచకం పట్టుకుని పక్కింటి పాప దగ్గర కూర్చోవాలి. ఆ పాప పెన్సిల్‌తో మనం రాసిన అక్షరాల చుట్టూ సున్నాలు చుట్టి, "అంకుల్, మళ్లీ రాయండి" అంటుంది. ఇరవై రెండేళ్లకే అంకుల్ అయిపోయే అవకాశం దేశంలో ఇంకెవరికుంది?

పోనీ ఇటువైపు, ఆంధ్రాలో రాసుకుందామా అంటే ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యం ఇచ్చే రాజ్యాంగంలోని 371-డి అధికరణ ఉంది, దాని కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులున్నాయి. వాటి లెక్కలో లోకల్ అనిపించుకోవాలంటే మామూలుగా పదో తరగతితో కలిపి వరసగా 4 ఏళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. నేను చదివిన బడి నదికి తప్పు ఒడ్డున ఉంది. మొత్తానికి తేలిందేమిటంటే అటువైపు నేను తెలుగువాణ్ని, ఇటువైపు నాన్‌లోకల్‌ని.

ఇక పేరు సంగతి. ఒడిశాలో ఏ ఫారం నింపినా టైటిల్ ఏమిటని అడుగుతారు, అంటే పేరు చివర వచ్చేది. మనకేమో ఇంటిపేరు ముందొస్తుంది, అదీ పొడి అక్షరమై ఒక చుక్క పెట్టుకుని కూర్చుంటుంది. నా పేరు చివర రావు ఉంది, నాన్న పేరు చివర మూర్తి ఉంది. ఒక ఆఫీసులో గుమస్తా గారు కళ్లద్దాలు పైకి తోసి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, మూర్తి గారి కొడుకు రావు ఎలా అవుతాడని అడిగాడు. ఆయన అనుమానం నా పుట్టుక మీదకి పోతోందని మా నాన్నకి కాస్త ఆలస్యంగా అర్థమైంది. ఆ తర్వాత వరండాలో జరిగిన సంభాషణ ఇక్కడ రాయదగింది కాదు. అయినా ఆ గుమస్తా గారికి నేను రుణపడి ఉన్నాను. "ఇది మా టేబుల్ కాదు, ఆ చివర అడగండి" అన్న వాక్యం కార్పొరేట్ జీవితానికి మూలమంత్రమని నాకు ముందే చెవిలో ఊదిన గురువు ఆయన.

ప్రైవేటు ఇంటర్వ్యూలు కొంచెం నయం, అక్కడ అవమానం ఏసీలో జరుగుతుంది. భువనేశ్వర్‌లో ఒకాయన నా ఒడియా విని, తెలుగువాడివై ఉండీ పర్వాలేదే అని మెచ్చుకున్నాడు. విశాఖపట్నంలో ఒకావిడ, ఒడిశా అన్నారు కదా, తెలుగు ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారండీ అంది. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊళ్లోనండీ అన్నాను. జనం మాట్లాడే తెలుగుకి పుస్తకాల్లో చోటు కావాలని ఆయన కొట్లాడింది మా ఊళ్లో ఉండే. ఆవిడ నవ్వి ఏదో రాసుకుంది. తర్వాత మెయిల్‌లో కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపరచుకోవలసి ఉందని వచ్చింది. ఆగస్టు 29న అదే కంపెనీ వాళ్లు గిడుగు వారి ఫొటో పెట్టి తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలు చెప్పారు, అదీ ఇంగ్లీషులో.

చివరికి ఉద్యోగం ఈ గొడవేమీ లేని చోట, అంటే నోయిడాలో దొరికింది. అక్కడ నన్ను చూసి సౌత్ అన్నారు. ఒడిశా అన్నాను. ఒడిశా సౌతా ఈస్టా అని నా ముందే వాళ్లలో వాళ్లు కాసేపు వాదించుకుని, నన్ను అడక్కుండానే సౌత్ అని ఖాయం చేశారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మాత్రం జనన ధ్రువపత్రంలో ఒరిస్సా అని, పదో తరగతి మార్కుల జాబితాలో ఒడిశా అని ఉందని, ఈ తేడాకి సంజాయిషీ ఇవ్వమని రాశారు. 2011 నవంబరులో రాష్ట్రం పేరే మారిందని, అందులో నా ప్రమేయం ఏమీ లేదని జవాబిచ్చాను. అంగీకరించారు గానీ అఫిడవిట్ అడిగారు.

జీతం వార్త మా వీధికి నాకన్నా ముందు చేరింది. ఏడాదికి మూడు లక్షల అరవై వేలు. పక్కింటి పిన్ని వచ్చి, "ఏటి బాబూ, నెలకి ముప్పై ఏలంట గదా" అంది. అంత రాదు పిన్నీ అన్నాను. పీఎఫ్ కింద నా వాటా 1,800 పోతుంది, కంపెనీ తన వాటా ఇంకో 1,800 కడుతుంది, కానీ ఆ కంపెనీ వాటా కూడా నాకిస్తానన్న ముప్పైలోంచే. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నీ డబ్బు నీకే ఇచ్చి, ఇచ్చేనంటాడా? ఆడికన్నా మా చిట్టీల ఆవిడే నయం" అంది. ఐదేళ్లు పనిచేస్తే తప్ప మామూలుగా చేతికి రాని గ్రాట్యుటీని కూడా అందులోనే కలిపి చూపిస్తారని చెప్పాలనుకున్నాను గానీ, అప్పటికే నా సంబంధాల మార్కెట్ విలువ ఆవిడ ముఖంలో పడిపోవడం చూసి ఊరుకున్నాను.

ఆఫీసులో మొదటి వారం మాతో చేరిన ఢిల్లీ కుర్రాడు కన్నీళ్ల పర్యంతమయ్యాడు. ల్యాప్‌టాప్ కోసం ఐటీ వాళ్ల దగ్గరికి వెళ్తే అడ్మిన్ అంటారు, అడ్మిన్ దగ్గరికెళ్తే హెచ్చార్ అంటారు, హెచ్చార్ వాళ్లు మీ ఎంప్లాయీ ఐడీ ఇంకా పుట్టలేదు, ఐటీని అడగండి అంటారు. వాడికి ఇదంతా కొత్త. నేను సంచీలోంచి ఫైలు తీసి, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, అన్నిటి జెరాక్సులు, ప్రతి దాని మీదా సంతకం, ఒకటి తర్వాత ఒకటి టేబుల్ మీద పరిచాను. మధ్యాహ్నం భోజనాల వేళకి ఎవరూ ఉండరని, మూడింటికి ఒకళ్లయినా దొరుకుతారని వాడికి నేర్పాను. హాజరీ పట్టీలో నా పేరు "రావు కె. కె." అని పడితే మేనేజరు నొచ్చుకున్నాడు గానీ నేను నొచ్చుకోలేదు, ఇంతకన్నా ఘోరంగా పడ్డ కాగితాలు నా దగ్గరున్నాయి.

ఒక్క సెలవుల దగ్గరే ఇంకా తేలలేదు. మా కంపెనీలో ఎవరి సొంత రాష్ట్రాన్ని బట్టి వాళ్లకి ఒక ప్రాంతీయ సెలవు ఇస్తారు. ఉగాదికి అడిగాను. మీ అడ్రస్ ఒడిశా కదా అన్నారు. జూన్‌లో ఒడియా వాళ్ల రజ పండగకి అడిగాను, మా ఊళ్లో అదీ చేస్తాం, ఉయ్యాలలూగి పిండివంటలు తింటాం. మీ మాతృభాష తెలుగు అని మీరే రాశారు కదా అన్నారు. రెండింటికీ రుజువులు స్కాన్ చేసి పంపాను. టికెట్ నంబరు వచ్చింది, స్టేటస్ పెండింగ్, కింద ఒక గమనిక: ఇది మా టీమ్ పరిధిలోకి రాదు.