"తిరుపతిలో మూడొందల స్పీడు యాడ పోతావబ్బా?" అనేవాళ్ళందరికీ

స్పోర్ట్స్ కారుకు టైర్లు మార్చాలని నోరు తెరిస్తే చాలు, మా ఊర్లో మొదట వినపడే మాట ఇదే. టైరు షాపులో ఇదే, బంకులో గాలి పట్టే పిల్లోడి దగ్గర ఇదే, పెళ్ళి బంతిలో పక్కన కూర్చున్న పెద్దాయన నోట్లోనూ ఇదే. తిరుమల కొండ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నిబంధన. కింద లీలామహల్ సర్కిల్ దగ్గర ఆటోల మధ్య స్పీడోమీటరు ముల్లు ఇరవై దాటదు. ఇట్లాంటి ఊర్లో వై రేటింగ్ టైరు, అంటే గంటకు 300 కిలోమీటర్ల వేగానికి తట్టుకునే టైరు ఎందుకు? 240 దాకా వచ్చే వీ రేటింగ్‌ది వేసుకుంటే బోలెడు డబ్బు మిగలదా?

వినడానికి సబబుగానే ఉంటుంది. అందుకే ఈ మాట మీద నాకు ఇంత కోపం. సబబుగా వినపడే తప్పుడు సలహాను ఎవరూ ఎదురు ప్రశ్నించరు.

స్పీడ్ రేటింగ్ అంటే "ఇంత స్పీడు పోవచ్చు" అని ఇచ్చే పర్మిషన్ కాదు. ల్యాబులో టైరు మీద బరువు మోపి, డ్రమ్ము మీద తిప్పుతూ, వేగం అంచెలంచెలుగా పెంచుతూ పోతారు. ఆ వేడికి, ఆ ఒత్తిడికి విచ్చిపోకుండా నిలబడిన టైరుకే ఆ అక్షరం. ఆ పరీక్ష నెగ్గాలంటే లోపల స్టీలు బెల్టుల మీద నైలాను లాంటి దారపు పొరను బిగించి చుట్టాలి. సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, గట్టిగా ఉండాలి. రబ్బరు వేడిని ఓర్చుకోవాలి. నువ్వు నలభైలో పోయినా ఆ కట్టుబడి టైర్లోనే ఉంటుంది. మొదటి ఘాట్‌లో హెయిర్‌పిన్ మలుపు దగ్గర ముందు పోతున్న బస్సు ఉన్నట్టుండి ఆగినప్పుడు నిన్ను కాపాడేది ఆ కట్టుబడే.

మన రోడ్లు నెమ్మది రోడ్లే, ఒప్పుకుంటాను. నెమ్మదిగా పోయే రోడ్డుకు గ్రిప్పు అక్కర్లేదని మాత్రం ఒప్పుకోను. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగడానికి వాడతాం. దిగేటప్పుడు కారు బరువు ముందు చక్రాల మీదికి వాలుతుంది, బ్రేకుల వేడి రిమ్ములోకి, అక్కణ్ణించి టైర్లోకి పాకుతుంది. ఎండాకాలమంతా బస్సులు కార్చిన ఆయిలు రోడ్డుకు పట్టేసి ఉంటుంది. దాని మీద మొదటి వాన పడిందంటే, ఆ రోజు మలుపులు ఎట్లుంటాయో తిప్పినవాళ్ళకే తెలుసు. ఇంక భాకరాపేట ఘాట్ సంగతి మన జిల్లాల వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. 2022 మార్చిలో పెళ్ళివాళ్ళ బస్సు పడిపోయింది అక్కడే. బెంగళూరు వైపు పోతే మొగిలి ఘాట్. మన దగ్గర ఏ దిక్కుకు పోయినా ఏదో ఒక కొండ దిగాల్సిందే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా బావ దగ్గర పోర్షే 718 కేమన్ ఉంది. బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఇంజిను సీట్ల వెనకాల, వెనక ఇరుసుకు ముందు ఉంటుంది. ముందు టైర్లు 235/40 జెడ్‌ఆర్ 19, వెనక టైర్లు 265/40 జెడ్‌ఆర్ 19 (మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో రిమ్ము సైజు). బరువు వెనక ఎక్కువ కాబట్టి వెనక టైరు వెడల్పు. ఊర్లో ఒక షాపుకు తీసుకుపోతే (పేరు చెప్పను), ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "గాట్లు ఇంకా సగానికి పైనే ఉన్నాయి సార్, ఇంకో రెండేళ్ళు లాగొచ్చు" అన్నాడు. మా బావ మొహం వెలిగిపోయింది.

కారును లిఫ్ట్ ఎక్కించమన్నాను. వెనక టైరు లోపలి అంచు మీద ఫోను టార్చి కొట్టి చూశాం. బయట నుంచి చూస్తే గాట్లు నిండుగా, కొత్తదాని లెక్కనే ఉంది. లోపలి అంచున మూడు వేళ్ళ వెడల్పున గాడి అనేదే లేదు, నున్నటి గుండు. వేలితో తడుముతూ పోతే ఒకచోట సన్నగా గరుకు తగిలింది. అది దారం. రబ్బరు అరిగిపోయి లోపలి పొర బయటపడింది. ఇట్లాంటి కార్లకు మలుపుల్లో పట్టు కోసం చక్రాలను పైభాగం లోపలికి వంగేలా బిగిస్తారు, నెగటివ్ క్యాంబర్ అంటారు దాన్ని. దానికి తోడు టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత, కాస్త తప్పిందంటే లోపలి అంచు రంపం పెట్టినట్టు అరుగుతుంది. నిలబడి చూసేవాడికి అది ఎప్పటికీ కనపడదు. కారు ఎక్కడ కొన్నా, ఎవరు ఏం చెప్పినా, లిఫ్ట్ ఎక్కించి లోపలి అంచు చూడకుండా "టైర్లు బాగున్నాయి" అనే మాట నమ్మొద్దు.

తర్వాత సైడ్‌వాల్ మీద అచ్చు వేసి ఉండే తయారీ నంబరు, డాట్ నంబరంటారు, అది చూశాం. చివరి నాలుగు అంకెలు 2218. అంటే 2018లో 22వ వారం తయారీ. కారుతో పాటు వచ్చిన టైర్లే అన్నమాట. ఇక్కడే మన స్పోర్ట్స్ కార్ల ఓనర్లకు అర్థం కాని సంగతి ఒకటుంది. ఈ కార్లు తక్కువ తిరుగుతాయి. ఆదివారం ఒక రౌండు, మిగతా రోజులు కవరు కింద. కాబట్టి గాట్లు అరగవు. రబ్బరు మాత్రం కూర్చున్నచోటే ముసలిదైపోతుంది. ఎండలో, వేడి షెడ్డులో ఇంకా త్వరగా. బడిపిల్లల బాక్సులో పాత రబ్బరు ఒకటి గట్టిపడిపోయి, పెన్సిలు గీత చెరపకుండా కాయితాన్ని నల్లగా పులుముతుంది చూడండి, పాత టైరు రోడ్డు మీద చేసేదీ అదే. గాట్లు ఉంటాయి, పట్టు ఉండదు.

2013 నవంబరు 30న అమెరికాలో నటుడు పాల్ వాకర్ చనిపోయిన ప్రమాదం చాలామందికి గుర్తుండే ఉంటుంది. కారు పోర్షే కరేరా జీటీ. విచారణలో ప్రధాన కారణం అతివేగమని తేలింది. దాంతోపాటు టైర్లు తొమ్మిదేళ్ళకు పైబడినవని కూడా తేల్చారు. అందరం స్పీడు గురించే మాట్లాడుకున్నాం, టైర్ల వయసు ఎవరికీ పట్టలేదు. నా లెక్కలో ఇట్లాంటి కారుకు ఆరేళ్ళు దాటిన టైరు పనికిరాదు, గాట్లు ఎంతున్నా సరే. మన ఎండలకు నేనైతే ఐదేళ్ళకే మార్చమంటాను.

అరుగుదల సూచించే టీడబ్ల్యూఐ గుర్తులు గాడిలో 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి. అంతదాకా ఆగడం మన కార్తీకమాసం వానల్లో చాలా ప్రమాదం. టైరు ఎంత వెడల్పయితే నీటి మీద తేలిపోవడం అంత సులువు. 265 వెడల్పు టైరు 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే నేను మార్చేయమనే అంటాను. 2021 నవంబరులో తిరుపతి రోడ్ల మీద నీళ్ళు ఎట్లా పారాయో చూసినవాళ్ళకు దీని మీద వాదన ఉండదనుకుంటా.

సరే, మార్చాలని తేలింది. ఏది వేయాలి?

షాపాయన మొదట చూపించింది ట్రెడ్‌వేర్ 500 ఉన్న ఆల్ సీజన్ టైరు. "చాలా కాలం వస్తుంది సార్." వస్తుంది, నిజమే. ఆ నంబరు ఎంత పెద్దదైతే టైరు అంత నిదానంగా అరుగుతుంది, మామూలుగా రబ్బరు కూడా అంత గట్టిగా ఉంటుంది. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కు ఆ నంబరు 300. ఇంక ఆల్ సీజన్ అనేది చలిదేశాల అవసరం. సమ్మర్ టైరు రబ్బరు ఏడు డిగ్రీల కంటే తక్కువ చలిలో బిగుసుకుపోతుంది కాబట్టి అక్కడివాళ్ళు మధ్యరకంగా అది వాడతారు. తిరుపతిలో ఏడు డిగ్రీలు ఎప్పుడు చూశాం మనం? మనకు ఏడాది పొడుగునా సమ్మర్ టైరే సరైనది.

రెండో తప్పు దీనికి పూర్తిగా ఎదురు. యూట్యూబు చూసి వచ్చే కుర్రాళ్ళు పైలట్ స్పోర్ట్ కప్ 2 లాంటి ట్రాక్ టైర్లు కావాలంటారు. పొడి రోడ్డు మీద, రబ్బరు వేడెక్కాక వాటి పట్టు అద్భుతం, కాదనను. కానీ గాట్లు తక్కువ, నీళ్ళు బయటికి తోసే శక్తి తక్కువ. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట ట్రాకుకు తీసుకుపోయి తిప్పేవాళ్ళు రెండో సెట్టుగా పెట్టుకోండి. అవే టైర్లతో వానలో కొండ దిగుతానంటే మాత్రం దయచేసి వద్దు.

మధ్యలో ఉన్నవే మనకు కావాలి. పైలట్ స్పోర్ట్ 4ఎస్, కాంటినెంటల్ స్పోర్ట్ కాంటాక్ట్ 7, బ్రిడ్జ్‌స్టోన్ పొటెన్జా స్పోర్ట్, పిరెల్లి పీ జీరో, ఈ తరగతి టైర్లు. వీటిలో ఏది గొప్పదని కొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. మీ సైజులో, తాజా తేదీతో దొరికింది వేసుకోండి. ఒకటే చూడండి, యూరప్ లేబుల్ మీద తడి రోడ్డు పట్టుకు ఎ నుంచి ఇ దాకా గ్రేడు ఉంటుంది. అక్కడ ఎ ఉండాలి. పోర్షే ఆమోదించిన టైరైతే సైడ్‌వాల్ మీద ఎన్ అక్షరం, పక్కన ఒక అంకె ఉంటుంది. అది దొరికితే ఇంకో ఆలోచన వద్దు. బీఎండబ్ల్యూకు నక్షత్రం గుర్తు, మెర్సిడెస్‌కు ఎంఓ. ఆ గుర్తుది ఎంత వెతికినా దొరక్కపోతే సైజు, లోడు (మోయగల బరువు), స్పీడు రేటింగ్ ఏదీ తగ్గకుండా నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడలు వేయండి. ముందొకటి, వెనకొకటి కలపడం మాత్రం వద్దే వద్దు.

దొరకడం కష్టమనేది నిజమే. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. అప్పటినుంచి పెద్ద సైజులు అడగ్గానే దొరికే పరిస్థితి పోయింది. మన జిల్లాలోనే, చినపాండూరు దగ్గర అపోలో టైర్ల వాళ్ళ అంత పెద్ద ఫ్యాక్టరీ ఉంది. వ్రెడెస్టైన్ అనే డచ్ బ్రాండు 2009 నుంచి వాళ్ళదే. అయినా కేమన్ వెనక టైరు కోసం మనం చెన్నైకి, బెంగళూరుకు ఫోన్లు చేయాల్సిందే. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. ఆ ఇబ్బందిని అడ్డం పెట్టుకుని "265 లేదు సార్, 255 వేస్తా, ఏం కాదు" అంటే మాత్రం ఒప్పుకోను. 255/40 వేస్తే టైరు ఎత్తు ఎనిమిది మిల్లీమీటర్లు తగ్గుతుంది, వెడల్పూ తగ్గుతుంది. బరువు వెనక ఉన్న కారుకు వెనక పట్టు తగ్గిస్తే, తడి మలుపులో వెనక భాగమే ముందు జారుతుంది. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, కారు జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోలు అన్నీ ఆ కొలతలు నమ్ముకునే పనిచేస్తాయి. నాలుగు చక్రాలకూ పవరు వెళ్ళే కార్లకైతే ఇంకా కష్టం, ముందు వెనక చుట్టుకొలతలు తేడా వస్తే చక్రాలకు పవరు పంచే డిఫరెన్షియల్ గేర్ల మీద భారం పడుతుంది.

బావ ధర విని, "ఏం రా, కారు కొన్నప్పుడు కూడా ఇంత గోల చేయలేదు నువ్వు" అన్నాడు. "కారు నువ్వు నడుపుతావు బావా, పక్కసీట్లో కూర్చునేది మా అక్క" అన్నాను. ఆ తర్వాత ధర మాట ఎత్తలేదు. నాలుగు టైర్లు లక్ష దాటిపోతాయి, దాచేదేముంది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, అదొక్కటే ఊరట. మోతమోగే ఎగ్జాస్టుకు అంతకంటే ఎక్కువ పెట్టినవాళ్ళు మన ఊర్లోనే ఉన్నారు.

గాలి గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. "ఎండాకాలం కదా, నాలుగు పాయింట్లు తగ్గించు" అనే అలవాటు మన హైవేల మీద టైర్లు పేలడానికి ఒక పెద్ద కారణం. గాలి తగ్గితే సైడ్‌వాల్ ఎక్కువ మడతపడుతుంది, మడతపడేకొద్దీ వేడి పుడుతుంది. వేడికి భయపడి గాలి తీసి ఇంకా వేడి పుట్టిస్తున్నారు. పొద్దున్నే కారు కదలకముందు, కంపెనీ రాసిన ప్రెషరు పెట్టండి, మే నెలలోనూ అంతే. నైట్రోజన్ కోసం పేచీ పెట్టుకోవద్దు, మామూలు గాలిలోనే 78 శాతం అదే ఉంది.

చివరగా మన టైరు షాపుల అన్నలకు ఒక విన్నపం. బిల్లు మీద సైజు, ధర రాసి ఇస్తున్నారు. ఆ పక్కనే నాలుగు టైర్ల తయారీ తేదీ కూడా రాసివ్వండి. ఈ రకం టైర్లకు బయట, లోపల అని పక్కలు వేరుగా ఉంటాయి. పూర్తి డాట్ నంబరు చాలాసార్లు లోపలి పక్కనే ఉంటుంది, బిగించేశాక కస్టమరుకు కనపడదు. రిమ్ముకు ఎక్కించకముందే చూపించి, ఆ నాలుగంకెలు బిల్లులో వేసి సంతకం పెట్టండి. తిరుపతిలోగానీ చిత్తూరులోగానీ ఏ షాపు ఇది మొదలుపెడితే, మా బావ కారుతో పాటు నాకు తెలిసిన ప్రతి కారునూ అక్కడికే పంపిస్తాను.