బిడ్డ కోసం లేచిన చెయ్యి

2024 డిసెంబరులో గల్ఫ్‌లో పనిచేసుకునే ఒక తండ్రి రాయలసీమలోని సొంత జిల్లాకు వచ్చాడు. తన కూతురితో అసభ్యంగా ప్రవర్తించాడని చెబుతున్న వ్యక్తిని చంపి, తిరిగి వెళ్లిపోయాడు. ఆ పని తనదేనని ఆ తర్వాత వీడియోలో చెప్పాడు. ఫిర్యాదు చేస్తే పోలీసులు అవతలి మనిషిని మందలించి పంపేశారన్నది ఆయన ఆరోపణ. బాధిత బిడ్డ ఎవరో తెలిసే ఏ వివరమూ ప్రచురించకూడదని, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం సెక్షన్‌ 23 చెబుతోంది కాబట్టి పేర్లు, ఊరు ఇక్కడ రాయడం లేదు.

ఆ తండ్రి కడుపుమంట అర్థం కాని తల్లిదండ్రులు ఉండరు. అయినా ఆయనపై విచారణ జరగాల్సిందేనన్నది మా అభిప్రాయం. అంతే గట్టిగా మరో మాట కూడా చెబుతున్నాం. కళ్లెదుట బిడ్డపై దాడి జరుగుతుండగా అడ్డుపడి, ఆ పెనుగులాటలో దుండగుడి ప్రాణం తీసిన తల్లినో తండ్రినో హత్యకేసులో బోనెక్కించడం అన్యాయం. ఈ రెండు ఘటనలనూ ఒకే గాటన కట్టడం వల్లే ఒకచోట హంతకుడికి జేజేలు, మరోచోట నిర్దోషికి రిమాండు దక్కుతున్నాయి.

చట్టంలో ఈ తేడా స్పష్టంగానే ఉంది. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కుకు సంబంధించినవి. తన ఒంటినే కాదు, ఇంకెవరి ఒంటినైనా కాపాడే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని సెక్షన్‌ 35 అంటుంది. ప్రాణం పోతుందన్న భయం, తీవ్రగాయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్‌ దాడి వంటి సందర్భాల్లో ఎదుటివాడి ప్రాణం తీసేంతవరకూ ఆ హక్కు వెళుతుందని సెక్షన్‌ 38 చెబుతుంది. ప్రమాదం ఉందన్న భయం మొదలైన క్షణాన హక్కు మొదలవుతుంది, ఆ భయం తొలగగానే ముగుస్తుంది. ఇది సెక్షన్‌ 40. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు హక్కు లేదని, అవసరానికి మించి హాని చేయరాదని సెక్షన్‌ 37 హద్దు గీస్తుంది.

ఇందులో ఒక లోపం ఉంది. సంహిత నిర్వచనంలో అత్యాచారానికి బాధితురాలు స్త్రీ మాత్రమే. మగపిల్లాడిపై అలాంటి దాడి జరిగితే, దాన్ని అడ్డుకున్న తండ్రి సెక్షన్‌ 38లోని ‘అసహజ కామం’ అనే, ఎక్కడా నిర్వచించని మాట మీద ఆధారపడాలి. పోక్సో చట్టం 2012 నుంచే ఆడ, మగ తేడా లేకుండా పిల్లలందరికీ వర్తిస్తోంది. పోక్సోలోని 3, 5 సెక్షన్ల నేరాలను (పిల్లలపై అత్యాచారం వంటి దాడి, దాని తీవ్ర రూపాలు) సెక్షన్‌ 38లో పేరుపెట్టి చేర్చడం పార్లమెంటుకు ఒక చిన్న సవరణ పని. కొత్త సంహితలు తెచ్చినప్పుడే చేయాల్సింది, చేయలేదు.

కాలమే ఇక్కడ కొలబద్ద. 2012 జూన్‌ 9న అమెరికాలోని టెక్సాస్‌ రాష్ట్రం షైనర్‌ పట్టణ శివారులో అయిదేళ్ల కూతురి అరుపులు విని పరుగెత్తిన తండ్రి, ఆమెపై లైంగిక దాడి చేస్తున్నవాణ్ని చేతులతోనే కొట్టాడు. వాడు చనిపోయాడు. తండ్రే అత్యవసర నంబరుకు ఫోన్‌ చేసి సాయం పంపమని ప్రాధేయపడ్డాడు. జూన్‌ 19న గ్రాండ్‌ జ్యూరీ (అభియోగం మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందం) ఆయనపై అభియోగం అక్కర్లేదని తేల్చింది. దర్యాప్తు జరిగింది, సాక్ష్యం పరిశీలించారు, పది రోజుల్లో ముగించారు. జర్మనీలోని ల్యూబెక్‌లో 1981లో మారియానే బాఖ్‌మైయర్‌ చేసింది వేరు. కూతుర్ని చంపిన కేసులో విచారణ ఎదుర్కొంటున్నవాణ్ని ఆమె కోర్టు హాల్లోనే తుపాకీతో కాల్చి చంపింది. అప్పటికి కాపాడటానికి బిడ్డ లేదు, నిందితుడు చట్టం చేతుల్లోనే ఉన్నాడు. కోర్టు దాన్ని హత్యగా కాక అంతకు తక్కువ నరహత్యగా పరిగణించి ఆరేళ్ల శిక్ష వేసింది. కనికరం చూపాల్సిన చోటు అదే, శిక్ష ఖరారు దగ్గర. మన దగ్గరా హద్దు మీరిన ఆత్మరక్షణను, తీవ్రమైన ఆకస్మిక ఉద్రేకాన్ని సెక్షన్‌ 101 మినహాయింపులు హత్య కింద లెక్కించవు. కానీ ఉద్రేకం చల్లారే వ్యవధి ఉంటే ఆ మినహాయింపు నిలవదని భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో 1961లో సుప్రీంకోర్టు తేల్చింది. విమానం ఎక్కి వచ్చేంత వ్యవధి చిన్నది కాదు.

అసలు చిక్కు దర్యాప్తులో ఉంది. మనిషి చనిపోయాడు, కొట్టినవారు ఎదురుగా ఉన్నారు. సెక్షన్‌ 103 కింద హత్యకేసు కట్టి, ఆత్మరక్షణ మాట కోర్టులో చెప్పుకోమంటే పోలీసుల పని తేలిక. కొత్త సాక్ష్యాల చట్టమైన సాక్ష్య అధినియం సెక్షన్‌ 108 ఆ భారాన్ని ముద్దాయి మీదే పెడుతుంది. సందేహాతీతంగా రుజువు చేయనక్కర్లేదు, అలా జరిగి ఉండటమే ఎక్కువ సంభవమని చూపితే చాలు. ఆ మాత్రం చూపడానికైనా మొదటి 24 గంటల్లో సేకరించిన ఆధారాలే దిక్కు. దాడి చేసినవాడే పోయాడు కదా అని పోక్సో కేసు నమోదు చేయకపోతే బిడ్డకు వైద్య పరీక్ష జరగకుండా పోవచ్చు. జరగకపోతే తండ్రి మాటకు సాక్ష్యమే మిగలదు. కాబట్టి రెండు ఎఫ్‌ఐఆర్‌లూ అదే రోజు కట్టాలి. ఆడపిల్లయితే మహిళా డాక్టరే పరీక్షించాలి. ఒంటి మీది గాయాలను ఫొటో తీయాలి. బట్టలను నీడన ఆరబెట్టి కాగితపు కవర్లో సీలు వేయాలి. తడి బట్టల్ని ప్లాస్టిక్‌ సంచిలో కుక్కితే బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. అత్యవసర నంబరు 112కు వచ్చిన కాల్‌ రికార్డింగును వెంటనే భద్రపరచాలి. వాడిన ఆయుధం ఇంట్లో చేతికందిన రోకలా, బయటి నుంచి తెచ్చిన కత్తా అన్నది పంచనామాలో స్పష్టంగా రాయాలి.

పోస్టుమార్టం నివేదికను చదవడంలోనూ పొరపాటు జరుగుతుంది. గాయం వీపు మీదో తల వెనకో ఉంటే పగతో కొట్టినట్టేనని అనుకోవడం సహజం. బిడ్డ మీద వంగి ఉన్నవాణ్ని కొడితే దెబ్బ పడేది అక్కడే. వాడు నేలకూలి కదలలేని స్థితిలో ఉన్నాక పడిన దెబ్బలు ఎన్ని అన్నదే అడగాల్సిన ప్రశ్న. ఆ ఉద్విగ్నతలో ఎంత బలం వాడాలో త్రాసులో తూచి చూడలేరని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. సోదరిని పుట్టింటి నుంచి బలవంతంగా లాక్కుపోతున్న ఆమె భర్తను ఒక్క పోటు పొడిచిన విశ్వనాథ్‌ అనే యువకుడికి పడిన శిక్షను ఆ కోర్టు 1959లోనే రద్దు చేసింది.

ఇవన్నీ చూశాక ఆత్మరక్షణే అని తేలితే దర్యాప్తు అధికారి సీఆర్పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత సెక్షన్‌ 189 కింద ముద్దాయిని విడుదల చేసి, తుది నివేదిక పంపవచ్చు. అధికారం ఉంది, వాడే ధైర్యం కావాలి. ‘చంపినవాళ్లను వదిలేశారు’ అన్న మాట పడతామన్న జంకుతో ఛార్జిషీటు వేసేస్తే, ఆ తల్లి నిర్దోషిగా బయటపడేసరికి బిడ్డ బాల్యం గడిచిపోతుంది.

మరి అసలు కేసే వద్దనేవారు 2018 మేను గుర్తు తెచ్చుకోవాలి. పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు తిరుగుతున్నారన్న వాట్సాప్‌ వదంతుల మధ్య హైదరాబాద్‌ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ మహిళను గుంపు కొట్టి చంపింది. బిడ్డల కోసమే అన్న మాట చాలు, విచారణ అక్కర్లేదంటే ఇలాంటి చావులకు జవాబు చెప్పేవారు ఉండరు.

రెండు తెలుగు రాష్ట్రాల డీజీపీలు ఒక స్టాండింగ్‌ ఆర్డర్‌ ఇవ్వాలి. ఇలాంటి మరణాల్లో అరెస్టుకు ముందే సెక్షన్‌ 38 ఎందుకు వర్తిస్తుందో, ఎందుకు వర్తించదో కేసు డైరీలో కారణాలతో రాయాలని, దాన్ని డీఎస్పీ పరిశీలించాలని అందులో ఉండాలి. ఇక రాయలసీమ ఘటన విషయం. పోక్సో ఫిర్యాదు అందితే మందలింపుతో సరిపెట్టే అధికారం ఏ స్టేషన్‌కూ లేదు. కేసు నమోదు చేయాలి, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలపాలి. నమోదు చేయకపోతే సెక్షన్‌ 21 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ తండ్రి ఆరోపణ నిజమో కాదో ఇంకో జిల్లా అధికారితో విచారించాలి. నిజమని తేలితే ఆ స్టేషన్‌ సిబ్బందిపై కూడా ఛార్జిషీటు పడాలి, తండ్రి మీద వేసేంత వేగంగా.