.375 మాగ్నమ్ తూటా గారి సముఖానికి

మహారాజశ్రీ .375 మాగ్నమ్ తూటా గారికి, అచ్చంపేట దగ్గర పల్లికాయ పండించే రైతు నమస్కరించి రాసుకున్న విన్నపం. ఇక్కడ పందులు క్షేమం. తమరి క్షేమసమాచారాలు నిన్న హైదరాబాదులో ఒక తుపాకుల దుకాణంలో కడుపు నిండా విన్నాను.

నాకు కావలసింది నా 12 బోరు తుపాకీకి ఎల్జీ తూటాలు, అంటే పందికి సరిపడే పెద్ద గుళ్లవి. లైసెన్సు పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. అప్పటికే ఇద్దరు పెద్దమనుషులు, దుకాణదారు కలిసి పెద్ద మృగానికి తమరు మేలా, .30-06 మేలా అన్న తర్కంలో మునిగి ఉన్నారు. 1906 నాటి ఆ అమెరికా తూటా దుప్పికి చాలునట. ఆఫ్రికా అడవిదున్న ఎదురైతే మాత్రం 1912లో లండన్ కంపెనీ చేసిన తమరే దిక్కట. మూడు వందల గ్రెయిన్ల గుండు, అంటే పంతొమ్మిది గ్రాముల పైమాటే, దున్న భుజం ఎముకను ఎలా చీల్చుకు పోతుందో ఒకాయన రెండు చేతులతో అభినయించి చూపించారు. వన్యప్రాణి చట్టం వచ్చింది 1972లో. ఆయన కాల్చబోయే దున్న ఏ వీధిలో ఉంటుందో అడుగుదామనుకుని, పెద్దవారని ఊరుకున్నాను.

టీ వచ్చింది. వాళ్లకు.

తమరి అందానికి వంక పెట్టను. బల్ల మీద ఖాళీ తూటా ఒకటి నిలబెట్టారు. ఏటవాలు భుజం, అడుగున వడ్డాణంలా ఇత్తడి పట్టీ. భుజం అంత ఏటవాలు కనుక తుపాకీలో తూటా కూర్చునే అరలో అది ముందుకు జారిపోకుండా ఆ పట్టీయే ఆపుతుందట. చేతిలోకి తీసుకుంటే పెట్టబుద్ధి కాలేదు. కానీ తమరు నాకెందుకు? తమరి గుండు పందిని దాటి ఎన్ని చేలు పోతుందో! రాత్రి పూట మంచెల మీద, మోటార్ల దగ్గర మనుషులు పడుకునే ఊరు మాది.

పొద్దు వాలాక దుకాణదారు నా పుస్తకం తిరగేసి, "ఎల్జీ లేదు పెద్దాయనా, నాలుగో నంబరు ఉంది, ఇమ్మంటారా?" అన్నాడు. పిట్టలకూ కుందేళ్లకూ కాల్చే సన్నగుళ్లు! అడవిపందికి! దాని తోలు మీద అవి ఏం పనిచేస్తాయి? చావని పంది గాయంతో చీకట్లో ఎవరి మీద పడుతుంది, ఆఫ్రికా మీదా? ఈ ముక్క మొదటే చెబితే మధ్యాహ్నం బస్సుకే తిరిగి వచ్చేవాణ్ని కదా!

ఎన్నికలు వస్తే తుపాకీని ఠాణాలో జమ చేయమంటారు, చేస్తున్నాను. పందిని కాల్చాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి, కాళ్లరిగేలా తిరిగి తెచ్చుకున్నాను, గడువు దగ్గర పడుతోంది. చేను చుట్టూ పాత చీరలు కట్టాం. ఇప్పుడు పందులు చీర కిందుగా దూరి, సాలు వెంబడి మూతితో పెకలించుకుంటూ పోతున్నాయి. ఊరిన కాయ తిని ఆకు మాకు వదులుతున్నాయి. పెద్ద మృగానికి ఏ తూటా కావాలో నాకు తెలుసు, పేరు కూడా చెప్పాను. కాల్చాల్సిన మృగం ఉన్నవాడికి తూటా లేదు, మృగమే లేనివాళ్లకు ఏ తూటా అన్న బెంగ!

ఒక్క కోరిక. తమరి భక్తులిద్దరినీ ఒక రాత్రి మా చేనుకు పంపండి. తుపాకులు తేనక్కరలేదు. మంచె ఎక్కి, నిన్నటి వాదన నిన్నటి గొంతుతోనే తెల్లవార్లూ సాగిస్తే చాలు. టీ మేమే పోస్తాం.